తిన్న విటమిన్ ఒంటికి పట్టాలంటే

(ఆహార శాస్త్రం, ఫార్మసీ చదివే విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

విటమిన్ ఎ, డి, ఇ, కె. ఈ నాలుగూ కొవ్వులో కరిగేవని చిన్నప్పటి సైన్సు పుస్తకం నుంచీ చదువుతున్నాం. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ పేగు లోపలికి వెళ్లాక ఆ లక్షణం ఎంత ఇబ్బంది తెచ్చిపెడుతుందో ఆగి ఆలోచించినవాళ్లు తక్కువ. పేగులో ఉన్నది చాలావరకు నీళ్లే. పేగు గోడను ఆనుకుని కదలకుండా ఉండే పల్చటి నీటి పొర ఒకటి ఉంటుంది. దాని కింద జిగురు పొర ఉంటుంది. నీళ్లలో కరగని పదార్థం వీటన్నిటినీ దాటి కణం దాకా ఎలా వెళ్తుంది? మింగిన విటమిన్‌లో ఎంత రక్తంలోకి చేరుతుందో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకోకపోతే వాదించుకుందాం. ఇలాంటి విటమిన్లను నూనెలో కరిగించి, ఆ నూనెను సన్నటి బిందువులుగా నీళ్లలో కలిపి ఇస్తుంటారు. దాన్నే ఎమల్షన్ అంటాం. ఈ రంగంలో అందరం ఆ నూనె బిందువు సైజు గురించి అవసరానికి మించి మాట్లాడుతున్నాం. డబ్బా మీద 'నానో' అని కనిపిస్తే చాలు, పని అయిపోయిందనుకుంటున్నాం. ఆ బిందువులో ఏ నూనె ఉంది, అది పేగులో విరిగాక ఏమవుతుంది అన్నది అంతకంటే ముఖ్యం. ఆ సంగతి అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ముందు శరీరం సొంతంగా ఏం చేస్తుందో చూద్దాం. మనం ఎమల్షన్ తయారు చేయడం మొదలుపెట్టడానికి ఎంతో ముందు నుంచే కడుపు ఆ పని చేస్తోంది. నమలడం, కడుపు గోడల చిలుకుడు, వీటితో నూనె ముక్కలవుతుంది. కడుపులోని లైపేజ్ అనే ఎంజైమ్ కొంత కొవ్వును అక్కడే విడగొడుతుంది. సాధారణంగా పదో వంతు నుంచి మూడో వంతు దాకా. మిగతాది చిన్నపేగులో. పైత్యరసంలోని లవణాలు, ఫాస్ఫోలిపిడ్లు అనే ఒక రకం కొవ్వులు వచ్చి బిందువు చుట్టూ చేరతాయి. క్లోమం నుంచి వచ్చిన లైపేజ్‌కు ఆ లవణాల మధ్య చోటు దొరకదు. కోలైపేజ్ అనే చిన్న ప్రొటీన్ దాన్ని తీసుకొచ్చి బిందువు మీద నిలబెడుతుంది. అప్పుడు ఒక్కో ట్రైగ్లిజరైడ్, అంటే ఒక్కో నూనె అణువు నుంచి రెండు కొవ్వు ఆమ్లాలు, ఒక మోనోగ్లిజరైడ్ బయటికి వస్తాయి.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ కొవ్వు ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు, పైత్య లవణాలు, ఫాస్ఫోలిపిడ్లు కలిసి మిశ్రమ మైసెల్స్ ఏర్పడతాయి. సైజు నాలుగైదు నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల దాకా. నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. మైసెల్‌ను ఒక పడవ అనుకోండి. బయటి వైపు నీళ్లతో సఖ్యంగా ఉంటుంది, లోపలి వైపు కొవ్వు ఉంటుంది. ఆ లోపల కూర్చుని విటమిన్ నీటి పొరను దాటుతుంది. అంటే నూనె బిందువు ఉన్నపళంగా పేగు గోడలోకి దూరిపోదు. బిందువు విరగాలి, మైసెల్ కట్టాలి, విటమిన్ అందులోకి మారాలి. మన ఎమల్షన్ ఎంత చిన్నదైనా మామూలుగా ఈ దారి తప్పదు. 'నానో బిందువులు నేరుగా రక్తంలోకి' అని ప్రకటనల్లో కనిపిస్తే కాస్త నవ్వుకుని పక్కన పెట్టండి.

కణం దగ్గర ఏం జరుగుతుందో త్వరగా చెప్పేస్తాను. ఒకప్పుడు ఇదంతా దానంతట అదే ఇంకిపోవడమే అనుకునేవాళ్లు. తర్వాత ఎస్‌ఆర్-బి1, సీడీ36, ఎన్‌పీసీ1ఎల్1 లాంటి ప్రొటీన్లకు కూడా ఇందులో పాత్ర ఉందని తేలింది. ఇదే దారిలో కొలెస్ట్రాల్ కూడా వెళ్తుంది. కణంలోకి వెళ్లిన విటమిన్ కైలోమైక్రాన్ అనే పెద్ద కొవ్వు రేణువులోకి చేరి, రక్తంలోకి కాకుండా ముందు శోషరస నాళాల్లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఛాతీ మీదుగా పైకి ప్రయాణించి, మెడ దగ్గరి సిరలో కలుస్తుంది. కాలేయాన్ని మొదట తప్పించుకుని వెళ్లే దారి ఇది. కైలోమైక్రాన్ సంగతి గుర్తుపెట్టుకోండి, నూనెను ఎంచుకునేటప్పుడు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఈ వరుసలో ఏ ఒక్కటి తప్పినా ఏమవుతుందో చూడండి.

కొవ్వు లేకపోతే? 2004లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఒకే రకం కూరగాయల సలాడ్, మూడు రకాల డ్రెస్సింగ్. ఒకదానిలో నూనె లేదు, ఒకదానిలో 6 గ్రాములు, మరొకదానిలో 28 గ్రాములు. కూరగాయల్లో కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలుంటాయి, వాటిలో బీటా కెరోటిన్ లాంటివి ఒంట్లో విటమిన్ ఎ అవుతాయి. తిన్నవాళ్ల కైలోమైక్రాన్లలో అవి ఎంత వచ్చాయో కొలిచారు. నూనె లేని సలాడ్ నుంచి దాదాపు ఏమీ రాలేదు. పళ్లెం నిండా బీటా కెరోటిన్ ఉంది, తిన్నారు, వచ్చిన దారినే పోయింది. నూనె పెరిగినకొద్దీ రక్తంలోకి చేరింది కూడా పెరిగింది.

కొవ్వు ఉండి, అది జీర్ణం కాకపోతే? దీనికి ఓలెస్ట్రా మంచి ఉదాహరణ. చక్కెరకు కొవ్వు ఆమ్లాలు తగిలించి చేసిన పదార్థం అది. నూనెలాగే ఉంటుంది, వేపుళ్లకు పనికొస్తుంది, కానీ లైపేజ్ దాన్ని ముట్టుకోలేదు. 1996లో అమెరికా ఆహార ఔషధ సంస్థ స్నాక్స్‌లో వాడటానికి అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది. ఎ, డి, ఇ, కె విటమిన్లు అందులో కలపాలి. ఎందుకంటే విటమిన్ ఆ నూనెలో కరిగి, నూనెతో పాటే బయటికి పోతుంది. జీర్ణం కాని నూనె విటమిన్‌కు సాయం చేయకపోగా దాన్ని పట్టుకుపోతుంది. బరువు తగ్గడానికి వాడే ఓర్లిస్టాట్ మందు విషయమూ ఇంతే. అది లైపేజ్‌కు అడ్డుపడి, తిన్న కొవ్వులో సుమారు 30 శాతం జీర్ణం కాకుండా చూస్తుంది. అందుకే మల్టీవిటమిన్ మాత్ర దానితో కలిపి వేసుకోవద్దని, కనీసం రెండు గంటల తేడా ఉండాలని చెబుతారు.

పైత్యం పేగులోకి రాకపోతే, క్లోమం పనిచేయకపోతే? పైత్యనాళం మూసుకుపోయిన పసిపిల్లలు, క్లోమాన్ని దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బరువు తగ్గించే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు. వీళ్లకు మంచి భోజనం, మంచి మాత్ర రెండూ ఉన్నా విటమిన్ లోపం వస్తుంది. ఎమల్షన్ లాంటి పద్ధతుల అవసరం నిజంగా ఉన్నది వీళ్లకే. వీళ్ల సంగతి మళ్లీ మాట్లాడతాను.

ఇక ఎమల్షన్. బోర్డు మీద చిన్న లెక్క చేద్దాం, కాల్క్యులేటర్ అక్కర్లేదు. ఒక గ్రాము నూనె, సాంద్రత 0.92. దాన్ని 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) వ్యాసం ఉన్న బిందువులుగా చేస్తే మొత్తం ఉపరితలం సుమారు 0.65 చదరపు మీటర్లు. ఒక మైక్రాన్‌కు తగ్గిస్తే 6.5. వంద నానోమీటర్లకు తెస్తే 65 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఏడొందల చదరపు అడుగులు. ఒక చెంచా నిండని నూనెకు అంత ఉపరితలం! లైపేజ్ పనిచేసేది ఉపరితలం మీదే కాబట్టి, చోటు ఎంత ఎక్కువుంటే అంత వేగంగా విరుగుతుంది. ఎమల్షన్ చేసే మొదటి మేలు ఇదే.

ఇది కొత్త సంగతేమీ కాదు. పాలు సహజమైన ఎమల్షన్. పితికిన పాలలో కొవ్వు గోళాలు సగటున నాలుగు మైక్రాన్ల దాకా ఉంటాయి, అందుకే మీగడ పైకి తేలుతుంది. ఒగుస్త్ గోలాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1899లో హోమోజినైజర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పాలను బాగా ఒత్తిడి పెట్టి సన్నటి సందులోంచి తోస్తే గోళాలు మైక్రాన్ కంటే చిన్నవవుతాయి. మనం ల్యాబ్‌లో ఈ రోజుకీ వాడే యంత్రం సూత్రం అదే. కాకపోతే ఇప్పుడు వెయ్యి బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఒత్తిడి పెడుతున్నాం, మూడు నుంచి అయిదు సార్లు తిప్పుతున్నాం.

హోమోజినైజర్ దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది. మొదటిసారి బయటికి వచ్చేది చిక్కటి తెలుపు. రెండోసారికి తెలుపు కాస్త పలచబడుతుంది. బిందువులు వంద నానోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి అంచుల్లో నీలి ఛాయ కనిపిస్తుంది, బీకర్ వెనక పెట్టిన వేలు మసకగా తెలుస్తుంది. యాభై కంటే తగ్గితే దాదాపు నీళ్లంత తేటగా అయిపోతుంది. విటమిన్ కలిపిన పానీయం తేటగా కనిపించాలంటే ఇంత చిన్న బిందువులు కావాలి. ఇక్కడే ఒక విషయం గమనించాలి. కంపెనీలు సైజు తగ్గించడానికి చాలాసార్లు కారణం శోషణ, అంటే విటమిన్ ఒంటికి పట్టడం కాదు, తేటదనం. ఇంకో కారణం నిల్వ. బిందువు పైకి తేలే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పదో వంతు చేస్తే తేలే వేగం వందో వంతుకు పడిపోతుంది. రెండూ మంచి కారణాలే. అయితే అవి సీసాకు సంబంధించినవి, పేగుకు సంబంధించినవి కావు.

పేగులో మరి? సైజు తగ్గించడం వల్ల లాభం ఉంది, కానీ అది ఒక దశ దాటాక తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో క్లోమం అవసరానికి చాలా రెట్లు ఎక్కువ లైపేజ్ విడుదల చేస్తుంది. పది మైక్రాన్ల బిందువు, అర మైక్రాన్ బిందువు, ఈ రెంటి మధ్య తేడా బాగానే కనిపిస్తుంది. మూడు వందల నానోమీటర్లు, వంద నానోమీటర్లు అంటే మాత్రం రెండూ త్వరగానే విరిగిపోతాయి. పేగులో ఆహారం ఉండేది గంటల తరబడి. అందులో కొన్ని నిమిషాలు ముందుగా విరిగినంత మాత్రాన కలిసొచ్చేది ఏముంది?

పైగా సీసాలో ఉన్న సైజు కడుపు దాకా అలాగే ఉంటుందన్న హామీ లేదు. బిందువులు మళ్లీ కలిసిపోకుండా చుట్టూ పూతగా వేసే పదార్థాన్ని ఎమల్సిఫయర్ అంటాం. ఆ పూత పాల ప్రొటీన్‌దనుకోండి. కేసీన్‌కు 4.6 పీహెచ్ దగ్గర, వే ప్రొటీన్‌కు 5కు అటూ ఇటూ విద్యుదావేశం పోతుంది. భోజనం తర్వాత కడుపు పీహెచ్ అయిదు చుట్టుపక్కల నుంచి మెల్లగా కిందికి దిగుతుంది, అంటే సరిగ్గా ఈ పీహెచ్ మీదుగానే. ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి బిందువులన్నీ గుంపులు కడతాయి. పెప్సిన్ వచ్చి ప్రొటీన్ పూతను కొరికేస్తే ఇంకా కలిసిపోతాయి. మీరు 120 నానోమీటర్లని కొలిచి రాసుకున్నది కడుపులో 20 మైక్రాన్ల గుంపయి కూర్చుంటుంది. గమ్ అరబిక్ అనే తుమ్మ జాతి చెట్ల జిగురు లాంటివి బిందువు చుట్టూ మందమైన పొరగా నిలబడతాయి కాబట్టి ఆమ్లాన్ని బాగా తట్టుకుంటాయి. క్విల్లాయా చెట్టు బెరడు నుంచి తీసే సపోనిన్ కూడా పర్వాలేదు. కాబట్టి సైజు కొలిచిన కాగితం నాకు చూపించేటప్పుడు, కడుపు దశ తర్వాత కొలిచిన కాగితం కూడా పక్కన పెట్టండి.

ఇక నూనె దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఎమల్షన్ చేసేవాళ్లకు మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్ నూనె, అదే ఎంసీటీ అంటే చాలా ఇష్టం. పల్చగా ఉంటుంది కాబట్టి చిన్న బిందువులు సులువుగా వస్తాయి. సంతృప్తమైనది కాబట్టి త్వరగా ముక్కిపోదు. వాసన లేదు, రుచి లేదు. లైపేజ్ దాన్ని చకచకా విరగ్గొడుతుంది కూడా. చూడగానే ఇంతకంటే మంచి నూనె లేదనిపిస్తుంది.

కానీ ఎనిమిది, పది కార్బన్ల పొట్టి కొవ్వు ఆమ్లాలతో కట్టిన మైసెల్ లోపలి చోటు చిన్నది. బీటా కెరోటిన్ లాంటి పొడవాటి అణువు అందులో ఇమడదు. పద్దెనిమిది కార్బన్ల పొడవాటి ఆమ్లాలు ఉంటే, అంటే మొక్కజొన్న, సోయా, పొద్దుతిరుగుడు లాంటి మామూలు నూనెలు వాడితే, పడవ పెద్దదవుతుంది, ఎక్కే సరుకూ పెరుగుతుంది. అమెరికాలో మాసచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆంహర్స్ట్‌లో జూలియన్ మెక్లెమెంట్స్ బృందం ఈ పోలికలు చాలా చేసింది. బీటా కెరోటిన్‌తో చేసినప్పుడు మైసెల్స్‌లోకి చేరిన మోతాదులో మొక్కజొన్న నూనె మొదటి స్థానంలో, ఎంసీటీ రెండో స్థానంలో, అసలు జీర్ణం కాని నారింజ తొక్క నూనె చివర్లో నిలిచాయి. విటమిన్ డి, విటమిన్ ఇ విషయంలోనూ పొడవాటి గొలుసుల నూనెలే మెరుగ్గా కనిపించాయి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న కైలోమైక్రాన్ ఇప్పుడు వస్తుంది. పొట్టి కొవ్వు ఆమ్లాలు చాలావరకు నేరుగా కాలేయానికి పోయే రక్తంలో కలిసిపోతాయి. కైలోమైక్రాన్ కట్టడానికి పొడవాటి ఆమ్లాలు కావాలి. కణం లోపలికి వచ్చిన విటమిన్‌కు బయటికెళ్లే వాహనం కూడా ఆ నూనె నుంచే తయారవుతుంది. అంటే నూనె రెండు చోట్ల పనికొస్తుంది, గోడకు ఇవతల, అవతల. ఎంసీటీ వేగంగా విరిగి మొదటి పందెం గెలుస్తుంది, రెండో పందెం (మైసెల్‌లో చోటు), మూడో పందెం (కైలోమైక్రాన్ కట్టడం) ఓడిపోతుంది. పొడవాటి నూనెకు ముక్కిపోయే గుణం ఉంది నిజమే. దానికి వేరే ఉపాయాలున్నాయి. నైట్రోజన్ కింద నింపడం, ఇనుము లాంటి లోహాల జాడ లేకుండా చూసుకోవడం, నల్లటి సీసా. రెండు నూనెలూ కలిపి వాడటం కూడా మంచి రాజీ మార్గం.

దీన్ని ల్యాబ్‌లో ఎలా చూస్తామో చెబుతాను. ఇన్ఫోజెస్ట్ అని ఒక పద్ధతి ఉంది. 2014లో చాలా దేశాల ల్యాబ్‌లు కూర్చుని ఒప్పుకున్న నమూనా, 2019లో సవరించారు. నోటి దశ రెండు నిమిషాలు. కడుపు దశ పీహెచ్ 3 దగ్గర రెండు గంటలు. పేగు దశ పీహెచ్ 7 దగ్గర ఇంకో రెండు గంటలు. అన్నీ 37 డిగ్రీల దగ్గరే. పేగు దశలో కొవ్వు ఆమ్లాలు పుట్టినకొద్దీ పీహెచ్ పడిపోతుంటుంది. దాన్ని నిలబెట్టడానికి బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు పడుతుంటాయి. ఆ చుక్కల లెక్కే నూనె ఎంత విరిగిందో చెబుతుంది. మంచి ఎమల్షన్ అయితే మొదటి కొన్ని నిమిషాల్లో చుక్కలు గబగబా పడి, తర్వాత నెమ్మదిస్తాయి.

చివర్లో ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. బీటా కెరోటిన్‌తో చేస్తే ఫలితం కంటికే తెలిసిపోతుంది. పైన విరగకుండా మిగిలిన నూనె. అడుగున ముద్ద. మధ్యలో తేటగా ఉన్న పొర, మైసెల్స్ ఉండేది అందులోనే. ఆ మధ్య పొర నారింజ రంగులో ఉంటే విటమిన్ పడవ ఎక్కినట్టు. లేత పసుపులో ఉండి, రంగంతా అడుగు ముద్దలోకి చేరితే నూనె విరిగినా విటమిన్‌కు చోటు దొరకలేదని. ఎంసీటీతో చేసిన ట్యూబ్‌లో కనిపించేది చాలాసార్లు ఇదే. చుక్కల లెక్క చూస్తే నూనె పూర్తిగా జీర్ణమైంది, ట్యూబ్ చూస్తే మధ్య పొర పాలిపోయి ఉంటుంది. ఈ రెండు కొలతలూ ఒకటేనని అనుకోకండి. ట్యూబ్‌లో వచ్చిన అంకెను మనిషి రక్తంలో వచ్చే అంకెగా చెప్పుకోవద్దు కూడా. ట్యూబ్‌కు గోడ కణాలు లేవు, శోషరస నాళాలు లేవు.

కాల్షియం విషయంలో ఒక చిక్కుంది, అది కూడా చెప్పి ముందుకెళ్తాను. కాల్షియం, విటమిన్ డి కలిపి ఒకే ఉత్పత్తిలో పెట్టడం అందరికీ తెలిసిందే. ఎముకల కోసం ఆ జోడీ సరైనదే. కానీ కాల్షియం అయాన్లు పొడవాటి కొవ్వు ఆమ్లాలతో కలిసి కరగని సబ్బులా అడుగుకు చేరతాయి. బిందువు మీద పేరుకున్న ఆమ్లాలను లాగేస్తాయి కాబట్టి లైపేజ్ పని వేగం పెరుగుతుంది. మైసెల్స్ కట్టడానికి కావలసిన సరుకు మాత్రం తగ్గుతుంది. మోతాదు ఎక్కువైతే నష్టమే మిగులుతుంది. కాల్షియం ఎక్కువ వేయాల్సిన చోట ఈ పరీక్ష తప్పనిసరిగా చేసి చూడండి.

ఇప్పుడు పైత్యం లేని పిల్లల దగ్గరికి వద్దాం. వాళ్లకు బిందువు ఎంత చిన్నది చేసినా లాభం తక్కువ, ఎందుకంటే కొరత మైసెల్ దగ్గరే ఉంది. అందుకే మైసెల్‌నే బయటి నుంచి ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. టీపీజీఎస్ అనే పదార్థం ఉంది. విటమిన్ ఇ అణువుకు పాలిఇథిలీన్ గ్లైకాల్ తోక తగిలించి చేసింది. దానంతట అదే నీళ్లలో మైసెల్స్ కడుతుంది, పైత్య లవణాల కోసం ఎదురు చూడదు. చాలాకాలంగా పైత్యం ఆగిపోయిన పిల్లల్లో విటమిన్ ఇ లోపానికి దీని ద్రావణాన్ని 2009లో యూరప్‌లో మందుగా అనుమతించారు. అంతకు ముందు ఆ పిల్లల్లో కొందరికి మామూలు విటమిన్ ఇ ఎంత పోసినా రక్తంలో పెరిగేది కాదు, నరాలు దెబ్బతినేవి.

విటమిన్ కె విషయంలో లెసితిన్ (ఫాస్ఫోలిపిడ్ల మిశ్రమం), గ్లైకోకోలిక్ ఆమ్లం (ఒక పైత్య ఆమ్లం)తో ముందే కట్టిన మిశ్రమ మైసెల్స్ మందుగా ఉన్నాయి. మన పేగు చేసే పడవను ఫ్యాక్టరీలో చేసి సీసాలో నింపినట్టే. ఇంత తెలివైన ఏర్పాటు ఉన్నా, పైత్యం ఆగిన పసిపిల్లలకు దాన్ని నోటి ద్వారా ఇస్తే శోషణ నమ్మదగ్గట్టుగా లేదని తేలింది. అలాంటి పిల్లలకు రక్తస్రావం ప్రమాదం ఉన్నప్పుడు ఇంజెక్షనే ఇస్తారు.

పేగును పూర్తిగా పక్కన పెట్టాల్సి వస్తే, సిర ద్వారా ఇచ్చే కొవ్వు ఎమల్షన్లున్నాయి. 1962లో స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లిండ్ సోయా నూనె, గుడ్డు ఫాస్ఫోలిపిడ్లతో ఇంట్రాలిపిడ్ తెచ్చారు. కొవ్వులో కరిగే విటమిన్లను అలాంటి ఎమల్షన్‌లోనే కలిపి ఇస్తున్నారు. ఇక్కడ సైజు నిజంగానే ప్రాణాల మీద విషయం. సగటు అర మైక్రాన్ దాటకూడదు, అయిదు మైక్రాన్ల కంటే పెద్ద బిందువులు 0.05 శాతానికి మించకూడదని అమెరికా ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం, హద్దు పెట్టింది. పెద్ద బిందువు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళంలో ఇరుక్కుంటుంది.

1984 గురించి కూడా ఫార్మసీ వాళ్లు తెలుసుకోవాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు సిరలోకి ఇవ్వడానికి విటమిన్ ఇ ద్రావణం ఒకటి అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అందులో విటమిన్‌ను కరిగించడానికి పాలిసార్బేట్లు అనే ఎమల్సిఫయర్లు భారీగా వాడారు. ముప్ఫై మందికి పైగా పసిపిల్లలు చనిపోయాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అనుమానం ప్రధానంగా విటమిన్ మీద కాదు, దాన్ని మోసిన పాలిసార్బేట్ల మీదే పడింది. ఆహారంలో చిటికెడు వాడే పదార్థాన్ని కిలో బరువున్న శిశువు సిరలోకి ఎక్కించడం వేరే లెక్క. ఫార్ములా కాగితం మీద అది 'ఇతర పదార్థాలు' వరుసలో ఉంటుంది కాబట్టి ఎవరి కన్నూ దానిమీద పడదు.

శోషణ పెంచడంలో ఇంకో ప్రమాదం ఉంది, ఇది నోటి ద్వారా తీసుకునే వాటికి కూడా వర్తిస్తుంది. విటమిన్ ఎ విషప్రభావం మీద అప్పటిదాకా వచ్చిన కేసులన్నీ కలిపి 2003లో ఒక విశ్లేషణ వచ్చింది. నీళ్లలో కలిసేలా చేసిన రెటినాల్ (విటమిన్ ఎ రూపం), ఎమల్షన్ చేసిన రెటినాల్, మాత్ర రూపంలో ఇచ్చినది, ఇవి నూనెలో కరిగించి ఇచ్చిన దానికంటే సుమారు పది రెట్లు విషపూరితంగా కనిపించాయి. ఆ తేడాకు కారణం శోషణ ఒక్కటేనని తీర్మానించలేం, కానీ దాన్ని తేలిగ్గా తీసుకోలేం. పెద్దవాళ్లకు రోజుకు విటమిన్ ఎ పై హద్దు 3,000 మైక్రోగ్రాములు, డికి 100 మైక్రోగ్రాములు, అంటే 4,000 యూనిట్లు. నీళ్లలో కరిగే విటమిన్లలాగా ఇవి ఎక్కువైతే మూత్రంలో పోవు, కాలేయంలో, కొవ్వులో పేరుకుంటాయి. ఉత్పత్తికి 'రెండు రెట్లు శోషణ' అని రాసి, మోతాదు మాత్రం పాతదే ఉంచడం బాధ్యత లేని పని. శోషణ నిజంగా పెరిగితే మోతాదు తగ్గాలి. తగ్గలేదంటే, పెరిగిందన్న మాటను వాళ్లే నమ్మడం లేదన్నమాట.

ప్రశ్నలుంటే అడగండి.

"సార్, మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు విటమిన్ డి క్యాప్సూల్ మానేసి ఎమల్షన్ చుక్కలకు మారాలా?"

భోజనంతో వేసుకుంటుంటే అక్కర్లేదమ్మా. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 50,000 యూనిట్ల విటమిన్ డి ఒకే డోసుగా ఇచ్చి చూశారు. కొవ్వు ఉన్న భోజనంతో తీసుకున్నవాళ్ల రక్తంలో, కొవ్వు లేని భోజనంతో తీసుకున్నవాళ్ల కంటే 32 శాతం ఎక్కువ విటమిన్ కనిపించింది. ఖర్చు లేని ఉపాయం అది. పరగడుపున కాఫీతో మింగే అలవాటుంటే, ముందు ఆ అలవాటు మార్చుకోవాలి. ఎమల్షన్ పనికొచ్చేది కొవ్వు తీసేసిన పాలు, పానీయాల లాంటి వాటిలో విటమిన్ కలపాల్సి వచ్చినప్పుడు, కొవ్వు జీర్ణం సరిగ్గా లేనివాళ్లకు. పైత్యం, క్లోమం జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగే మార్చాలి.

"లైపోసోమ్ విటమిన్లు వీటికంటే మంచివంటున్నారు?"

లైపోసోమ్ ఫాస్ఫోలిపిడ్ రెండు పొరల సంచి. లోపల నీళ్లుంటాయి. కొవ్వులో కరిగే విటమిన్ ఆ పల్చటి పొరలోనే సర్దుకోవాలి, కాబట్టి పట్టేది తక్కువ. పేగులోకి వెళ్లాక పైత్య లవణాలు, ఫాస్ఫోలైపేజ్ కలిసి దాన్ని కూడా విప్పేస్తాయి, చివరికి మళ్లీ మైసెలే. మాయ ఏమీ లేదు. ఫాస్ఫోలిపిడ్ అదనంగా అందడం వల్ల కొంత లాభం ఉంటే ఉండొచ్చు.

"విటమిన్ లేని ఎమల్షన్ కూడా ఉపయోగపడుతుందని ఎక్కడో చదివాను..."

అవును, మంచి ఆలోచన అది. కూరగాయల్లో కెరోటినాయిడ్లు ఉండనే ఉన్నాయి, వాటికి కావలసింది నూనె. చిన్న బిందువుల ఎమల్షన్‌ను సాస్‌లాగా, డ్రెస్సింగ్‌లాగా కలిపి తింటే అది త్వరగా విరిగి మైసెల్స్ సిద్ధం చేస్తుంది. ఆకులోంచి, దుంపలోంచి బయటపడ్డ కెరోటినాయిడ్ వాటిలోకి ఎక్కుతుంది. సప్లిమెంట్ల కంటే ఈ దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. కూరగాయను ఉడికించి, మెత్తగా చేసి కణం గోడను కాస్త వదులు చేస్తేనే ఇది బాగా పనిచేస్తుంది, అది మాత్రం మర్చిపోకండి.

"ఎమల్సిఫయర్ల వల్ల పేగులోని బ్యాక్టీరియాకు హాని అంటున్నారు కదా సార్, మరి?"

2015లో ఎలుకల మీద చేసిన పని గురించి కదా? పాలిసార్బేట్ 80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఇచ్చిన ఎలుకల్లో పేగు బ్యాక్టీరియా మారింది, తక్కువ స్థాయి వాపు వచ్చింది. మనుషులకు దాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. కానీ ఎమల్సిఫయర్ ఎంత వాడుతున్నామో లెక్క చూసుకోవడానికి అది మంచి కారణం. ఇందాకటి బోర్డు లెక్కే మళ్లీ తీసుకుందాం. ప్రొటీన్ పూత అయితే చదరపు మీటరుకు సుమారు రెండు మిల్లీగ్రాములు కావాలి. వంద నానోమీటర్ల బిందువులకు 65 చదరపు మీటర్లు, అంటే గ్రాము నూనెకు 130 మిల్లీగ్రాముల ఎమల్సిఫయర్. అదే మూడు వందల నానోమీటర్ల దగ్గర ఆగితే 22 చదరపు మీటర్లు, 45 మిల్లీగ్రాములు చాలు. శోషణలో పెద్దగా తేడా రాదు, వేయాల్సిన ఎమల్సిఫయర్ మూడో వంతుకు దిగుతుంది. తేటగా ఉండే పానీయం చేయనవసరం లేకపోతే నా దగ్గర ప్రాజెక్టు చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మామూలు పొడవాటి గొలుసుల నూనె, లెసితిన్ గానీ ప్రొటీన్ గానీ పూత, రెండు మూడు వందల నానోమీటర్లు. ఆ తర్వాత హోమోజినైజర్ ఆపేసి, సెంట్రిఫ్యూజ్ ట్యూబ్‌లో మధ్య పొర రంగు ఏమిటో చూసి నాకు ఫోన్ చేయండి.